సలీం అలీ – హైదరాబాదు పక్షులు

ఫాల్గుణ మాసం రాగానే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల విద్యార్థులకు పరీక్షల బెంగ మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజులలోనే మన నెత్తిమీద మరొక పెద్ద ప్రయాణ సన్నాహం సాగుతూ ఉంటుందన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు. చలికాలమంతా సరూర్‌నగర్ చెరువులోనూ, వనస్థలిపురం వైపునున్న మహావీర్ హరిణ వనస్థలిలోనూ, మూసీ ఒడ్డున పశువుల గడ్డి పెంచే మడులలోనూ గడిపిన వలస పక్షులు తిరుగు ప్రయాణం కట్టే కాలమది. కొన్ని హిమాలయాలకు పోతాయి. కొన్ని ఆ పర్వతాలను కూడా దాటి టిబెట్టుకు, మంగోలియాకు, మధ్య ఆసియా మైదానాలకు, సైబీరియాకు చేరుకుంటాయి. ఒక దుర్భిణి, ఒక నోటు పుస్తకం చేతబట్టుకొని తెల్లవారుజామున ఆ చెరువు గట్టుకో, ఆ వనానికో పోయే యువకులు ఇటీవల అక్కడక్కడ కనిపిస్తున్నారు. ఇది హర్షించదగిన విషయం.

ఆ యువకులు తమ పుస్తకాలలో వ్రాసుకొనే పేర్లను ఈ గడ్డమీద మొట్టమొదట ఒక పద్ధతి ప్రకారం, జిల్లా జిల్లాకూ తిరిగి, ఒక్కచోట చేర్చి ప్రకటించిన మహనీయుడు సలీం అలీ. ఆయన పేరు వినని విద్యావంతులు అరుదు. కాని ఆయన హైదరాబాదు రాజ్యానికి వచ్చిన నాటికి ఉద్యోగం లేని మనిషి అనీ, చేతిలో విశ్వవిద్యాలయ పట్టా కూడా లేదనీ తెలిసినవారు ఎక్కువమంది లేరు. ఆయన జీవితాన్ని మన పాఠకుల ముందుంచడంలో మా ఉద్దేశ్యం ఆ భాగాన్ని కొంత విపులంగా చెప్పాలన్నదే. తరువాతి కాలపు బిరుదులూ సన్మానాలూ అందరికీ తెలిసినవే.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులైమానీ బోహ్రా కుటుంబంలో కడగొట్టు బిడ్డగా జన్మించారు. ఏడాది నిండే నాటికి తండ్రి, మూడేళ్ళ నాటికి తల్లి గతించారు. ఆ పిల్లలందరినీ ఖేత్‌వాడీలోని తమ ఇంట పెట్టుకొని పెంచినవారు మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం. ఆ దంపతులకు సంతానం లేదు. జాతీయోద్యమంలో ప్రసిద్ధులైన అబ్బాస్ త్యాబ్జీ కూడా ఈ పిల్లలకు బంధువే. ఇల్లు పెద్దది, మనుషులు ఎక్కువ, ఆప్యాయతకు లోటు లేదు. అయినా అనాథ బాలుడు అనాథ బాలుడే. అటువంటి పిల్లవాడు ఒంటరిగా తోటలవెంట తిరగడంలో ఆశ్చర్యమేముంది?

మేనమామకు వేట అంటే ఇష్టం. పిల్లవానికి ఒక బొమ్మ తుపాకి ఇచ్చారు. సుమారు పదేళ్ళ ప్రాయంలో దానితో కొట్టిన పిచ్చుకలలో ఒకదాని గొంతుమీద పసుపు మరక వంటిది కనిపించింది. ఊరపిచ్చుకకు అటువంటి మచ్చ ఉండదు. ఇది ఏ పిచ్చుక అని మేనమామను అడిగాడు. ఆయనకు తెలియదు. అయితే ఆయన తెలియదని చెప్పి ఊరుకోలేదు. తాము సభ్యులుగా ఉన్న బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొరకు ఒక పరిచయ లేఖ వ్రాసి, పిల్లవానిని అక్కడికి పంపారు. పెద్దలు చేసిన ఆ చిన్న పని ఎంత పెద్దదో మనం గమనించాలి. మిల్లార్డ్ ఆ పక్షిని గుర్తించి పేరు చెప్పడమే గాక, బీరువాల సొరుగులు లాగి సొసైటీవారు భద్రపరచిన వందలాది పక్షుల చర్మాలను ఒక్కొక్కటే చూపించారు, చదువుకొమ్మని పుస్తకాలు ఇచ్చారు. పక్షి చర్మాన్ని ఒలిచి, దూది నింపి, పాడుకాకుండా ఉంచే విద్యను కూడా ఆ బాలుడు అక్కడే నేర్చుకున్నాడు. అప్పటివరకు పిట్ట అంటే గురిపెట్టవలసిన వస్తువు. ఆ రోజు నుండి అది పేరు, ఊరు, కుటుంబం గల ప్రాణి అయింది.

చదువులో సలీం అలీ రాణించలేదు. పదమూడేళ్ళ వయస్సులో విడువని తలనొప్పులు పట్టుకోగా, పొడి గాలి మేలు చేస్తుందని సింధులో బంధువుల వద్దకు పంపారు. 1913లో మెట్రిక్యులేషన్ ఎలాగో గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కళాశాలలో మొదటి ఏడాదే కష్టమై చదువు మానివేసి, బర్మాలోని టావోయ్ ప్రాంతంలో కుటుంబంవారికున్న వుల్‌ఫ్రామ్ గనుల, కలప వ్యాపారపు వ్యవహారాలు చూడడానికి వెళ్ళిపోయారు. వ్యాపారం సాగలేదు, కాని చుట్టూ ఉన్న అడవి ఆయనకు మంచి బడి అయింది. 1917లో తిరిగివచ్చి ఒక పక్క దావర్ కళాశాలలో వాణిజ్య న్యాయం, జమాఖర్చుల విద్య, మరొక పక్క సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం చదివారు. 1918 డిసెంబరులో దూరపు బంధువైన తెహ్మీనాను వివాహమాడారు. ఈమెను గురించి మున్ముందు చెప్పవలసింది చాలా ఉన్నది.

భారత జంతుశాస్త్ర పరిశోధన సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగానికి ప్రయత్నించగా, తగిన పట్టా లేదన్న కారణంగా అది దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో కొత్తగా తెరచిన ప్రకృతి చరిత్ర విభాగంలో సందర్శకులకు వివరించి చెప్పే గైడు లెక్చరరుగా చేరారు. రెండేళ్ళకు ఆ పని విసుగనిపించింది. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్ళారు. బెర్లిను విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియంలో ఆచార్య ఎర్విన్ స్ట్రెస్‌మన్ ఆయనను పట్టా అడగకుండా శిష్యునిగా స్వీకరించారు. సలీం అలీ చివరివరకు తమ గురువుగా చెప్పుకొన్నది ఆయననే. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవిలో వలస పక్షులను పట్టి కాలికి ఉంగరం తొడిగి వదిలే పద్ధతిని కూడా ఆ పర్యటనలోనే నేర్చుకున్నారు. ఈ ఉంగరాల మాట మరల వస్తుంది.

1930లో ఎంతో ఆశతో తిరిగివస్తే, మ్యూజియంవారు నిధుల కొరతవల్ల ఆయన ఉద్యోగాన్నే రద్దు చేసి ఉన్నారు. వయస్సు ముప్పై నాలుగు. చేతిలో ఉన్నది ఐరోపాలో సంపాదించిన విద్య మాత్రమే. ఆ విద్యకు దేశంలో జీతమిచ్చే చోటు లేదు. బొంబాయిలో కాపురం భారమై భార్యాభర్తలు సముద్రతీరాన కిహీం అనే పల్లెలో తెహ్మీనా కుటుంబంవారి చిన్న ఇంటికి చేరుకున్నారు. ఇటువంటి స్థితిలో మనలో ఎందరం దరఖాస్తులు వ్రాసుకుంటూ, బంధువులను ఆశ్రయిస్తూ కాలం గడిపి ఉండేవారమో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు. సలీం అలీ ఏమి చేశారంటే, ఇంటి సమీపాన చెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కడుతుండగా వాటికెదురుగా మంచె వేసుకొని కూర్చున్నారు.

గిజిగాని గూటి నేర్పును గురించి మన కవులు వ్రాయనిది లేదు. మన తాతముత్తాతలు వేల ఏళ్ళుగా ఆ గూళ్ళను చూస్తూనే ఉన్నారు. కాని ఆ గూటి వెనుక సాగే సంసారం ఎట్టిదో సలీం అలీ చూచేవరకు శాస్త్రజ్ఞులకు తెలియదు. గూడు మొత్తం కట్టి, ఆ తరువాత ఆడపక్షిని తెచ్చుకుంటుందని అనుకొనేవారు. నెలల తరబడి చూచి ఆయన తేల్చినది వేరు. మగపక్షి గూటిని సగం కట్టి ఆపుతుంది. ఆడపక్షులు గుంపుగా వచ్చి ఆ సగం గూళ్ళను లోపలికి దూరి, పీకి, పరీక్షించి చూస్తాయి. ఒక ఆడపక్షికి ఒక గూడు నచ్చితే అందులో స్థిరపడుతుంది, అప్పుడు మగది మిగిలిన సగం, కింద వేలాడే పొడవైన ద్వారంతో సహా పూర్తి చేస్తుంది. గుడ్లు పెట్టి పొదగడం ఆడదాని వంతు. మగది ఊరుకోక పక్కన రెండవ గూడు సగం కట్టి మరొక ఆడపక్షికై ఎదురు చూస్తుంది. అలా ఒకదాని తరువాత ఒకటిగా రెండు, మూడు సంసారాలు. నచ్చని గూళ్ళు సగంలోనే మిగిలిపోతాయి. మన పొలాల బావులమీద వేలాడే సగం గూళ్ళకు అర్థం ఇదే. ఈ పరిశీలన సొసైటీవారి పత్రికలో అచ్చయినప్పుడు శాస్త్రలోకం సలీం అలీ పేరును గుర్తుంచుకున్నది. ఉద్యోగం పోకపోతే ఈ పరిశోధన జరిగేదో లేదో మేము చెప్పలేము.

హైదరాబాదు అధ్యాయం దీని వెంటనే వచ్చింది. దక్షిణ భారత పక్షులను గురించి అప్పటికి జరిగిన కృషి చాలావరకు మద్రాసు రాజధానిలో జరిగినదే. పందొమ్మిదవ శతాబ్దంలో నెల్లూరులో వైద్యాధికారిగా ఉన్న జెర్డన్ వంటివారు అక్కడి పక్షులను వర్ణించారు. 1929 ప్రాంతంలో వెర్నే పేరిట తూర్పు కనుమలలో ఒక పెద్ద సర్వే జరిగింది. కాని వాటి మధ్య ఉన్న నిజాం రాజ్యం, ఎనభై రెండు వేల చదరపు మైళ్ళకు పైబడిన భూభాగం, పక్షిశాస్త్ర పటంమీద దాదాపు ఖాళీగా మిగిలిపోయింది. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసిన ఈ రాజ్యంలో ఏ పక్షి ఎక్కడ ఉన్నది, ఉత్తరాది జాతులు ఎక్కడ ఆగి దక్షిణాది జాతులు ఎక్కడ మొదలవుతున్నవి అని అడిగితే చెప్పగలవారు లేరు.

సలీం అలీ ఒక ఉపాయం ఆలోచించారు. తమకు జీతం అక్కరలేదు, గుడారాలకు, ప్రయాణాలకు, సహాయకులకు అయ్యే ఖర్చు మాత్రం సంస్థానంవారు భరిస్తే చాలునని ప్రతిపాదించారు. ఉద్యోగం లేని మనిషి జీతం అడగకపోవడం వింతగా తోచవచ్చు. అడిగి ఉంటే ఆ పని జరిగేది కాదేమో. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం అందుకు సమ్మతించింది. 1931-32లో జరిగిన ఈ హైదరాబాదు సంస్థాన పక్షి సర్వేయే సలీం అలీ స్వయంగా నడిపిన మొదటి పెద్ద సర్వే. తరువాతి సంవత్సరాలలో తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియరు, ఇందూరు, భోపాలు సంస్థానాలలో జరిగిన సర్వేలకు ఒరవడి ఇదే.

మన్ననూరు, ఫరహాబాదులతో కూడిన అమ్రాబాదు పీఠభూమి చెంచుల అడవులు, ఉట్నూరు చుట్టూ గోండుల సీమ, గోదావరి ఒడ్డున బూర్గంపహాడు ప్రాంతం, పడమట ఔరంగాబాదు వైపు మెట్టభూములు – ఇలా ఆ శిబిరాలు సాగాయి. ఆనాటి అడవిలో రోడ్డు అంతమైన చోట ఎడ్లబండి, బండి బాట అంతమైన చోట కాలినడక. మలేరియా భయం సరేసరి. ఈ శిబిరాలన్నిటిలో తెహ్మీనా వెంట ఉన్నారు. ఇంగ్లండులో చదువుకున్న, సంపన్న కుటుంబంలో పెరిగిన ఆమె గుడారాలలో కాపురం పెట్టి, సామానులు, సరుకులు, పనివారి బాగోగులు చూచుకుంటూ భర్తకు పక్షుల ధ్యాస తప్ప వేరొకటి లేకుండా చేశారు. సర్వే నివేదికమీద ఆమె పేరు లేదు. మా దృష్టిలో ఆ నివేదికలో ఆమె వాటా తక్కువ కాదు.

పని ఎలా జరిగేదో కూడా కొంత చెప్పాలి. చీకటితో లేవడం, సూర్యోదయానికి అడవిలో ఉండడం, చూచిన పక్షిని, అది ఉన్న చెట్టును, చేస్తున్న పనిని, కూతను, గుంపు సంఖ్యను అక్కడికక్కడే వ్రాసుకోవడం. అవసరమైన పక్షిని కాల్చి, మధ్యాహ్నం చర్మం ఒలిచి, పాషాణం పూసి, దూది కూరి, కాలికి చీటి కట్టడం. ఆ చీటిమీద తేదీ, స్థలం, ఆడా మగా అన్నది. కాల్చి చంపి ప్రేమించడమేమిటని కొందరు విద్యార్థులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆ రోజులలో ఒకే జాతిలోని ప్రాంతీయ భేదాలను కొలతలతో నిర్ణయించడానికి చేతిలో పక్షి ఉండక తప్పేది కాదు. సలీం అలీ ఈ విషయం ఎన్నడూ దాచలేదు, దానికి క్షమాపణలూ చెప్పుకోలేదు, అవసరానికి మించి చంపడాన్ని మాత్రం నిరసించారు. ఈనాడు దుర్భిణులు, కెమెరాలు, శబ్దం పట్టే యంత్రాలు ఉన్నవి గనుక మనకు ఆ అవసరం లేదు.

ఆ సేకరణను ఇంగ్లండులో పరిశీలించి జాతులను నిర్ణయించి, నివేదికకు వివరణలు వ్రాసినవారు హ్యూ విస్లర్. ఈయనతో సలీం అలీకి స్నేహం కుదిరిన తీరు విద్యార్థులు తెలుసుకోదగినది. విస్లర్ భారతదేశంలో పోలీసు అధికారిగా పనిచేసి రిటైరైనవారు, భారతీయ పక్షులమీద ఆయన పుస్తకం నాటికి ప్రామాణికం. మన కొత్వాల్ పిట్ట జాతిలోనే భృంగరాజమనే పక్షి ఉన్నది. దాని తోకలో రెండు ఈకలు తీగల వలె సాగి, చివర బిళ్ళల వంటి కుచ్చులతో ఉంటాయి. ఆ బిళ్ళలో ఈక పొర ఏ పక్క ఉంటుంది, ఏ పక్క ఉండదు అన్న చిన్న విషయంలో విస్లర్ పుస్తకంలో ఒక తప్పు ఉన్నదనీ, అది పాత గ్రంథాలనుండి ఒకరినొకరు చూచి వ్రాసుకుంటూ వచ్చినదనీ సలీం అలీ ఎత్తి చూపారు. పేరు తెలియని ఒక భారతీయుడు తన తప్పు పట్టడం విస్లరుకు మొదట రుచించలేదు. సొసైటీ పత్రిక సంపాదకులకు కోపంగా ఉత్తరాలు వ్రాశారు. తరువాత తమ వద్ద ఉన్న నమూనాలను తీసి చూచుకొని, తప్పు తమదేనని ఒప్పుకొన్నారు. అక్కడనుండి ఇద్దరూ ఆప్తమిత్రులయ్యారు. పాలకులు, పాలితులు అన్న భేదం గట్టిగా ఉన్న ఆ కాలంలో ఒక పిట్ట ఈక సాక్ష్యానికి ఇద్దరూ తలవంచారు.

నివేదిక 1933, 1934 సంవత్సరాలలో సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడింది. తెలంగాణ పక్షులను గురించి నేడు ఎవరు ఏమి వ్రాయబూనినా ముందు దానిని తెరవక తప్పదు. తొంభై ఏళ్ళ క్రితం ఫలానా చోట ఫలానా పక్షి సామాన్యంగా ఉండేదని తెలిసినప్పుడే కదా, ఈనాడు లేదన్న మాటకు విలువ వచ్చేది!

1932లోనే సలీం అలీ మరొక వ్యాసం ప్రకటించారు. పూల తేనె త్రాగే పక్షులను గురించి, పక్షుల మూలంగా పుప్పొడి చేరే పూలను గురించినది ఆ వ్యాసం. మన వసంతకాలపు పక్షి పరిశీలనకు ఇంతకంటె దగ్గరి విషయం లేదు. శిశిరం చివర మోదుగు చెట్టు ఒక్క ఆకు లేకుండా నిప్పులు కురిసినట్లు పూస్తుంది. హోలీకి మనవారు రంగు తీసేది ఆ పూలనుండే. వెంట బూరుగు పూస్తుంది. ఆ చెట్లమీద ఫిబ్రవరి, మార్చి నెలలలో గులాబీ మైనాలు గుంపులు గుంపులుగా వాలి గొడవ చేస్తుంటాయి. ఉర్దూలో తిల్యర్ అంటారు. తల, రెక్కలు నలుపు, వీపు, పొట్ట గులాబీ రంగు. పూలలో ముఖం దూర్చి తేనె త్రాగి, నుదుటిమీద పుప్పొడి పూసుకొని మరొక చెట్టుకు పోతాయి. జొన్న చేలమీద పడినప్పుడు రైతు తిట్టే పక్షీ ఇదే, మిడతలను తిని అదే రైతుకు మేలు చేసే పక్షీ ఇదే. జూలై, ఆగస్టు నెలలకే మన దేశం చేరి, ఏప్రిల్ మధ్య వరకు ఇక్కడే ఉండి, మధ్య ఆసియాకు, అంతకు పడమటికి పోయి, మిడతలు సమృద్ధిగా ఉన్న చోట చకచకా గుడ్లు పెట్టి పిల్లలను లేపుకొని మరల బయలుదేరుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మన దగ్గరే గడిపే ఈ పక్షిని పరదేశి అనడం ఎంతవరకు న్యాయమో!

వనస్థలి 1975లో ఏర్పడినది, అంతకుముందు నిజాముల వేట స్థలం. కృష్ణజింకల కోసమని రక్షించిన పదిహేను చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువైన ఆ పొదల నేలలో పక్షులకూ ఆశ్రయం దొరికింది. ఎల్.బి.నగర్ కూడలి రొదకు అంత సమీపాన అటువంటి చోటు మిగలడం మన అదృష్టం. సరూర్‌నగర్ చెరువు గతి వేరు. కుతుబ్‌షాహీల నాటిదని చెప్పే ఆ చెరువు చుట్టూ కాలనీలు పెరిగి, మురుగు చేరి, చాలా కాలం దుర్గంధమయంగా ఉండి, 2003-04లో కొంత శుభ్రపడింది. పక్షులు నీటి లోతును, ఒడ్డు బురదను, అందులోని పురుగును చూచి దిగుతాయి. గట్టుమీద బెంచీలు, దీపాలు వాటికి అక్కరలేదు. గట్టు అందంగా ఉండి బురద ఒడ్డు లేని చెరువులో కొంగలు, ఉల్లంకి పిట్టలు కాలు పెట్టడానికి చోటు ఉండదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ పక్షుల దేహంలో జరిగే మార్పు విచిత్రమైనది. పగటి పొద్దు పొడవు పెరుగుతున్న కొద్దీ వాటి శరీరంలో గ్రంథులు మేల్కొంటాయి. ఆకలి పెరుగుతుంది. రాత్రింబగళ్ళు ఎగరడానికి కావలసిన కొవ్వు చర్మం కింద చేరుతుంది. కొన్ని చిన్న పిట్టలు కొన్ని వారాలలోనే ఎంతో బరువెక్కుతాయి. చలికాలంలో వెలిసిపోయినట్లున్న ఈకలు కొన్ని జాతులలో రాలి, పెళ్ళి బట్టల వంటి కొత్త ఈకలు వస్తాయి. చిన్న పిట్టలు ఎక్కువగా రాత్రిళ్ళు ప్రయాణం చేస్తాయి. నిన్న సాయంత్రం పొదలో ఉన్న పిట్ట నేటి ఉదయం ఉండదు. తలమీద రెండు నల్లని పట్టీలుండే పెద్ద బాతులు మన దక్కను చెరువులనుండి లేచి హిమాలయ శిఖరాల మీదుగా టిబెట్టు, మంగోలియా సరస్సులకు చేరుకుంటాయి. ఏప్రిల్ చివరకు ఈ సందడి ముగుస్తుంది. కనుక ఈ రోజులలో పరిశీలనకు పోయేవారు పక్షి కనిపించిన తేదీతో పాటు కనిపించడం మానిన తేదీని కూడా వ్రాయడం అవసరం. చాలామంది వ్రాయనిది ఆ రెండవదే.

సలీం అలీ జీవితంలో 1939 దుర్దినాలు తెచ్చింది. ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత తెహ్మీనా మరణించారు. ఇరవై ఏళ్ళ సహచర్యం. ఆయన మరల వివాహం చేసుకోలేదు. అక్క ఇంట చేరి పనిలో మునిగిపోయారు. 1941లో భారతీయ పక్షులమీద ఆయన వ్రాసిన బొమ్మల పుస్తకం వెలువడింది. రంగుల బొమ్మ, దాని కింద పరిమాణం, గుర్తులు, అలవాట్లు, గూడు – ఈ క్రమంలో సామాన్యుడు కూడా తన పెరటి పిట్టను గుర్తించగలిగేటట్లు వ్రాసిన ఆ పుస్తకం ఎన్నో ముద్రణలు పొంది, దేశంలో పక్షి పరిశీలన అనే అభిరుచిని పుట్టించింది. స్వాతంత్ర్యానంతరం బొంబాయి సొసైటీ ఆర్థికంగా చితికిపోగా, ప్రధాని నెహ్రూకు వ్రాసి సహాయం తెచ్చి నిలబెట్టినవారు సలీం అలీయే. అమెరికన్ శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లేతో కలిసి భారత, పాకిస్తానుల పక్షులమీద పది సంపుటాల మహాగ్రంథాన్ని 1968-74 మధ్య పూర్తి చేశారు. దేశం రెండైనా పక్షులు రెండు కాలేదని ఆ గ్రంథం పేరే చెబుతుంది.

గంభీరులని అనుకొనేరు. మోటారు సైకిళ్ళంటే ఆయనకు పిచ్చి. 1950లో స్వీడనులో జరిగిన అంతర్జాతీయ పక్షిశాస్త్ర మహాసభకు తమ సన్‌బీమ్ బండిని ఓడలో ఐరోపాకు తీసుకువెళ్ళి, దానిమీద తిరిగి సభకు చేరుకున్నారు. ఇండియానుండే దానిమీద వచ్చారని అక్కడివారు చెప్పుకొన్నారట. శిబిరంలో గురకపెట్టేవారంటే మాత్రం ఆయనకు సహించరాదు.

హెలిగోలాండులో నేర్చిన ఉంగరాల విద్య 1959 తరువాత పనికివచ్చింది. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవుల వద్ద కోతులు చచ్చి, మనుషులకు జ్వరాలు వచ్చాయి. ఆ వ్యాధిని కలిగించే సూక్ష్మక్రిమి రష్యా ప్రాంతపు ఒక వ్యాధి క్రిమిని పోలి ఉండడంతో, వలస పక్షుల ఒంటిమీది పిడుదుల ద్వారా అది వచ్చిందేమోనన్న అనుమానం కలిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో సలీం అలీ నాయకత్వాన పెద్దయెత్తున పక్షులను పట్టి ఉంగరాలు వేయడం మొదలయింది. పక్షులు ఆ రోగాన్ని తెచ్చాయనడానికి ఆధారం దొరకలేదు. కాని భరత్‌పూరులో ఉంగరం వేసిన బాతులు సోవియట్ భూములలో దొరకడంతో, మన పక్షులు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్నకు అంచనాల స్థానంలో సంఖ్యలు, స్థలాలు వచ్చాయి.

భరత్‌పూరు విషయంలోనే ఆయన ఒక పొరపాటు కూడా చేశారు. మహారాజుల బాతు వేటకు నిలయమైన ఆ చిత్తడి నేలను పొలాలుగా మార్చాలన్న ఒత్తిడినుండి కాపాడినవారిలో ఆయన ముఖ్యులు. తరువాత పశువుల మేతవల్ల పక్షులకు హాని అని నమ్మి, పశువులను లోనికి రానీయరాదని వాదించారు. 1982లో నిషేధం అమలయింది, గ్రామస్థులు ఎదిరించారు, ఆ ఘర్షణలో ప్రాణాలు పోయాయి. తీరా చూస్తే గేదెలు మేయకపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పివేసి, పక్షులకే చోటు లేకపోయింది. ఈ సంగతి తేల్చినది కూడా ఆయన పెంచిన సొసైటీ శాస్త్రజ్ఞుల దీర్ఘకాలిక పరిశోధనయే. మహనీయుల జీవితాలు వ్రాసేవారు ఇటువంటివి దాటవేస్తారు. మేము దాటవేయదలచలేదు. మేత మేపుకొనే పేదవానికీ అక్కడి పక్షికీ నడుమ వైరం కల్పించి లాభపడినవారు ఎవరూ లేరు.

బిరుదులు వరుసగా వచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభకు నామినేషన్. అంతర్జాతీయ బహుమతిగా వచ్చిన గెట్టి పురస్కార ధనాన్ని ప్రకృతి పరిరక్షణ నిధికి ఇచ్చివేశారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 1958లో, ఢిల్లీ విశ్వవిద్యాలయం 1973లో, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1978లో గౌరవ డాక్టరేటు ఇచ్చాయి. పట్టా లేదని ఒకనాడు ఉద్యోగం దక్కని వ్యక్తికి మూడు విశ్వవిద్యాలయాలు పిలిచి పట్టా ఇవ్వడం జరిగింది. 1980లో హైదరాబాదులో పక్షి పరిశీలకుల సంఘం ఏర్పడింది. అది నేడు దక్కన్ బర్డర్స్ పేరుతో పనిచేస్తున్నది.

చివరి సంతోషం కూడా తెలుగు నేలనుండే అందింది. జెర్డన్ పేరిట ప్రసిద్ధమైన కలివికోడి అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అందరూ తలచారు. సలీం అలీ ఆధ్వర్యంలో సొసైటీవారు అరుదైన పక్షుల అన్వేషణ సాగించగా, 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె వద్ద శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ దానిని తిరిగి కనుగొన్నారు. పగలు పొదలలో దాగి రాత్రి తిరిగే ఆ పక్షి జాడ తెలిసినవారు అక్కడి వేటగాళ్ళే. పుస్తకాలు లేదన్న పక్షిని వారు ఉన్నదని చెప్పారు. అప్పటికి సలీం అలీకి ఎనభై తొమ్మిదేళ్ళు. మరుసటి ఏడాది, 1987లో, ఆయన బొంబాయిలో కన్నుమూశారు. ఆ తరువాతి సంవత్సరం కలివికోడి కొరకు లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

వనస్థలికి, సరూర్‌నగర్‌కు పోయే విద్యార్థులకు ఒక సూచన. ఏ పక్షి కాలికైనా లోహపు ఉంగరం కనిపిస్తే, పక్షి సజీవంగా ఉన్నప్పుడు దానిని తీయరాదు. ఉంగరంమీద ఒక సంఖ్య, తెలియజేయవలసిన సంస్థ పేరు చెక్కి ఉంటాయి. మన దేశంలో వేసినదైతే అది బొంబాయి సొసైటీ పేరే. ఆ సంఖ్యను ఉన్నది ఉన్నట్లు వ్రాసుకొని, తేదీ, స్థలం, పక్షి పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే దాని పోలికలు జతచేసి ఆ సంస్థకు ఉత్తరం వ్రాయవలెను.